నాలుగో మూల

కిష్టారెడ్డిపేటలో ఇందిరమ్మ ఉండే గల్లీలో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదు. అడిగినవాళ్లకూ కుట్టింది, అడగనివాళ్లకూ కుట్టింది. ఎవరింట్లో చీర చిరిగినా, లుంగీ వెలిసినా ఆమె కంట పడిందంటే దానికి మోక్షం దొరికినట్టే. "దుకాణంల బ్లాంకెట్లు దొరకవా అమ్మా?" అని కూతురు శ్రీలత విసుక్కుంటే, "దొరుకుతయి. కుట్టుకుంట కూసునే సుఖం దొరుకుతదా?" అనేది. పాత నూలు చీర కింద పరిచి, మధ్యలో మెత్తబడ్డ గుడ్డలు పొరలుగా పేర్చి, పైన రంగు ముక్కలు సర్ది, అంచున సూది గుచ్చి చుట్టు చుట్టూ తిరుగుతూ నడుమకు చేరుకోవడం. పని అని ఎవరైనా అంటే ఆమెకు కోపం వచ్చేది. పని వంటింట్లో ఉంది, ఇది ఆమె ఆట.

భర్త నర్సింహకు ఇంకో ఆట ఉండేది. పటాన్‌చెరు దగ్గర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మడతల మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. చేతులు ఖాళీగా ఉంటే ఆయనకు తోచదు. పెళ్లి పత్రిక గానీ, మందుల షాపు కవరు గానీ, ప్లాట్లు అమ్ముతామని గుమ్మంలో పడేసిపోయే రంగు కాగితం గానీ ఆయన చేతిలో పడ్డాక పిట్ట అయి బయటికి వచ్చేది. గల్లీ పిల్లలంతా ఆయన శిష్యులే. ఏ కిటికీ చూసినా దారానికి గుచ్చిన కాగితం పిట్టలు వేలాడేవి.

ఈ రెండు ఆటలూ ఒకే చోట కలిసేవి. బొంత కుట్టేటప్పుడు గుడ్డ జరగకుండా మూలల మీద బరువు ఉండాలి. మూడు మూలల మీద బియ్యం డబ్బాలూ ఇటుకలూ పెట్టి, నాలుగో మూల మీద మొగుణ్ణి కూర్చోబెట్టేది ఇందిరమ్మ. ఆయన అక్కడే కూర్చుని పిట్టలు మడిచేవాడు. "రిటైరయిన్నని అనుకుంటిని. పీఎఫ్ లేని డ్యూటీల ఏసింది మా ఆమె" అని వచ్చేపోయేవాళ్లతో చెప్పి నవ్వేవాడు. కుట్టు ఆయన మూల దాకా వచ్చినప్పుడు ఇందిరమ్మ తల ఎత్తకుండానే "లే, జెర జరుగు" అనేది. ఆయన "ఆఁ" అని లేచి, ఆమె ముందుకు పోగానే మళ్లీ వచ్చి కూర్చునేవాడు. బాత్రూముకు పోవాలన్నా మూలను అలా వదిలిపోడు. రుబ్బురోలు పొత్రం తెచ్చి అక్కడ పెట్టి, "నా రిలీవర్ వచ్చిండు" అనేవాడు. ఫ్యాక్టరీ అలవాటు అది. రిలీవర్ వచ్చి నిలబడితే గానీ మిషన్ వదలకూడదు, వచ్చాక అక్కడ ఒక్క నిమిషం ఉండనక్కరలేదు.

మొగుడి పేరు నోటితో పలకని తరం ఇందిరమ్మది. మనుషుల ముందు "శ్రీలత నాయిన" అనేది, ఇంట్లో "ఇగో", "ఇంటున్నవా" అనేది. అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆయన చెవిన పడ్డ పిలుపు మాత్రం "జెర జరుగు" అన్నదే.

ఎవరి కళ్లు పడ్డాయో, ఆయన మరిచిపోవడం మొదలుపెట్టాడు. ముందు తాళం చెవులు, తర్వాత తిన్న అన్నం, ఆ తర్వాత ఇంటి దారి. ఒకసారి బీరంగూడ దగ్గర దొరికాడు. ఈ మధ్య ఒక్కోరోజు ఇందిరమ్మను కూడా ఎవరో పక్కింటామెను చూసినట్టు మర్యాదగా చూస్తున్నాడు. "వయసు మీద పడితే అందరికీ ఉండేదే" అన్నాడు గల్లీలో ఒక పెద్దమనిషి. ఆ అందరికీ ఉండేది ఇంకా ఆయనింటి గడప తొక్కలేదు కాబట్టి అంత సులువుగా అనగలిగాడు. శ్రీలత తలుపుకు చెయ్యి అందనంత ఎత్తులో కొత్త గడియ పెట్టించింది. "అమ్మా, స్టూలేసుకొని నువ్వే తియ్యి, నువ్వే పెట్టు" అని పదిసార్లు చెప్పింది.

చివరికి పిట్ట కూడా మరుపుకొచ్చింది. మడతలన్నీ సరిగ్గానే వేస్తాడు. రెక్కలు వస్తాయి, తోక వస్తుంది, ఆఖరున మెడ కొన వంచి ముక్కు చెయ్యాల్సిన దగ్గర చేతులు ఆగిపోతాయి. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేస్తాడు. సాయంత్రం అయ్యేసరికి ముక్కులేని పిట్టలు కుప్పగా పడి ఉండేవి. వాటికి ఒక్కొక్కటిగా ముక్కు వంచుతూ, "గింత మడతకే యాది లేకపాయెనా" అని ఇందిరమ్మ ఊరికే గొణిగేది. గొణుగుడు పిట్ట మీద కాదని ఆమెకు తెలుసు.

ఆరోజు రోహిణి కార్తె ఎండ. రోళ్లు పగిలే ఎండ అని పెద్దలు ఊరికే అనలేదు. శ్రీలత పొద్దున్నే మందుల కంపెనీకి డ్యూటీకి పోయింది. ఇందిరమ్మ కొత్త బొంత మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఊరందరికీ కుట్టింది, ఇది మాత్రం తమకు. నర్సింహ పాత కంపెనీ చొక్కాలు, నీలం రంగువి, పెట్టెలో మడతపెట్టి ఉంటే తీసి ముక్కలు కోసింది. తన పాత చీరల ఎరుపు పక్కన ఆ నీలం పెడితే ఎంత బాగా కుదిరిందో చూసి తనే మురిసిపోయింది.

పది దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఇల్లు పొయ్యిలా అయింది. స్టూలేసుకుని గడియ తీసి, గాలి కోసం తలుపు బార్లా తెరిచి, బొంతను గుమ్మం వైపు లాక్కుంది ఇందిరమ్మ. కళ్లముందే కూర్చున్నాడు కదా, ఎక్కడికి పోతాడు అనుకుంది. మొదటి చుట్టు. మూడు మూలలు అయ్యాయి. నాలుగో మూల దగ్గరకు రాగానే, "లే, జెర జరుగు" అంది. ఆయన లేచాడు. అదే సమయానికి దారం అయిపోయింది. దారపు ఉండ కోసం లోపలికి పోతూ, మూల వదులవుతుందని చేతికందిన పొత్రం తనే తెచ్చి అక్కడ పెట్టింది.

"రిలీవర్ వచ్చిండా? అయితే పోత ఇగ" అన్నాడు నర్సింహ వెనక నుంచి.

పెట్టెలో తల దూర్చి ఉన్న ఇందిరమ్మ నవ్వుతూ, "మంచిదే, పో" అంది.

తిరిగి వచ్చి, ఆ మూల ఆఖరున చూద్దామని వదిలి, పక్క అంచు నుంచి కుట్టింది. నీలం పక్కన ఎరుపు, ఎరుపు పక్కన నీలం. మూల బిగువుగానే ఉంది, గుడ్డ జరగలేదు. గుడ్డ జరగకపోతే ఆయన ఉన్నట్టే. కుట్టుకు అలవాటైన చేతులు అలాగే నమ్మాయి. ఎంతసేపు అలా కుట్టిందో ఆమెకే తెలియదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగితే తల ఎత్తి, "ఇగో, మంచినీళ్లు తాగుతవా?" అంది. మూల మీద పొత్రం ఉంది.

బాత్రూము చూసింది, వెనక వసారా చూసింది, మంచం కింద కూడా వంగి చూసింది. గుమ్మంలో ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి. చెప్పులు చూసి ఒక్క క్షణం పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే అర్థమై ఉన్న ప్రాణం కూడా పోయింది. వట్టి కాళ్లతో పోయాడు. ఈ ఎండలో, ఈ తారు రోడ్ల మీద.

"బేగం! ఓ సర్వర్ బేగం! శ్రీలత నాయిన లేడు!" అని అరుస్తూ పక్కింటి తలుపు బాదింది.

సర్వర్ బేగం చేతిలో పిండితోనే బయటికి వచ్చింది. ఆమె భర్త ఫజలుద్దీన్ ఆటో నడుపుతాడు. అప్పుడే ఇంటికొచ్చి నడుం వాల్చినవాడు ఆ కేకకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాడు. "పరేషాన్ కాకు అక్కా. ముసలి కాళ్లు ఎంత దూరం పోతయి? బేగం, నువ్వు గీడనే ఉండు, ఆయన ఇంటికి తిరిగొస్తే ఫోన్ కొట్టు" అన్నాడు. శ్రీలతకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. షిఫ్టు అయ్యేదాకా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ఫజలుద్దీన్ తనకు తెలిసిన కానిస్టేబుల్‌కు నర్సింహ ఫొటో పంపాడు. చూస్తామన్నాడు ఆయన. ఇందిరమ్మ చెప్పులు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. సూది ఇంకా జాకెట్టు భుజానికే గుచ్చి ఉంది.

గల్లీ మలుపులో కిరాణా కొట్టు ముందు కాగితం పిట్ట ఒకటి కనిపించింది. "ఆపు భాయి!" అని దూకి అందుకుంది. ఆయన పిట్టే. ఆయన నడిచిన దారి పొడుగూతా పిట్టలు వదులుతాడని ఆమెకు తెలుసు, బీరంగూడలో దొరికినప్పుడు కూడా జేబు నిండా అవే. ముందుకు పోతే కరెంటు స్తంభం మొదట్లో ఇంకొకటి. అమీన్‌పూర్ పోయే దారిలో అపార్ట్‌మెంటు గేటుకు గుచ్చి మరొకటి.

"గిటే పోయిండు భాయి, గిటే!" అంది. గొంతులో ఆశ.

ఫజలుద్దీన్ అటే తోలాడు. పిట్ట కనిపించిన చోటల్లా ఆగారు. ఇస్త్రీ బండి మీద ఒకటి, పార్కు బెంచీ మీద రెండు. ప్రతిచోటా ఇందిరమ్మ దిగి, "పెద్దమనిషి, తెల్ల జేబు బనీను, చెక్స్ లుంగీ, చెప్పుల్లేవు" అని అడిగింది. చూడలేదన్నారు. చూడకపోవడమేమిటి, పిట్ట ఇక్కడే ఉంటే? గుడ్డివాళ్లా వీళ్లంతా? కనిపించినవాళ్లందరి మీదా కోపం వచ్చింది. తోక పట్టి లాగితే రెక్కలాడే పిట్టతో ఒక ఆడపిల్ల మెట్ల మీద ఆడుకుంటోంది. ఇందిరమ్మ దాని చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, "తాత ఇచ్చిండా? ఎప్పుడిచ్చిండు? ఎటు పోయిండు?" అంది.

"తాత ఇయ్యలే. నేనే చేసిన" అంది పిల్ల బెదిరిపోయి. "పోయిన సమ్మర్ హాలిడేస్‌ల తాతనే నేర్పిండు. మా అపార్ట్‌మెంట్‌ల అందరికొస్తది."

ఇందిరమ్మ ఒళ్లో పోగేసుకున్న పిట్టల వంక చూసింది. అన్నిటికీ ముక్కులున్నాయి. చక్కగా, కొనదేలి, ఆయన ఒకప్పుడు వంచినట్టే. ఊరి పిల్లలందరికీ నేర్పి పెట్టాడు మహానుభావుడు. ఇప్పుడు ఏ గోడ మీద చూసినా ఆయన గుర్తే, ఏ గోడ దగ్గరా ఆయన లేడు. ఇంతసేపూ పిల్లల ఆటబొమ్మల వెంట తిరిగి, ఆయన్ను వెతకాల్సిన సమయమంతా ఎండలో పోసింది.

అక్కడే మెట్ల మీద కూలబడి నెత్తి కొట్టుకుంది. "నేనే పొమ్మన్న భాయి. నా నోటితోనే పొమ్మన్న. బొంత మీద ఉన్న సోయి మనిషి మీద లేకపాయె. కాలవెట్ట ఆ బొంతను!"

"లే అక్కా" అన్నాడు ఫజలుద్దీన్. అతని కళ్లలోనూ నీళ్లు. "ఏడ్వనీకె మస్తు టైముంది. ముందు దొరకనీ."

"ముక్కుండదు" అంది ఇందిరమ్మ తల ఎత్తి.

"ఏంది?"

"ఆయన చేసిన పిట్టకు ముక్కుండదు భాయి. ముక్కు చేసుడు మర్సిపోయిండు. ముక్కులేనిది ఎక్కడుంటే గక్కడ ఆయన ఉన్నట్టు."

ఇన్నాళ్లూ ఏ లోపం చూసి సాయంత్రం సాయంత్రం గొణిగిందో, ఇప్పుడు దాన్నే వెతుక్కుంటూ బయల్దేరింది. ఆటో తిప్పి మళ్లీ గల్లీ మొదటికి వచ్చారు. ఈసారి పటాన్‌చెరు వైపు. షేర్ ఆటోలు ఆగే చోట చెప్పుల షాపు గట్టు మీద గులాబీ రంగు పిట్ట ఒకటి ఒరిగి ఉంది. ట్యూషన్ ప్రకటన కాగితం. మెడ నిటారుగా ఉంది, కొన వంగలేదు. ఇందిరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.

వరుసలో ఉన్న షేర్ ఆటో అబ్బాయి ఒకడు, "ఆ పెద్దాయననా? పటాన్‌చెరుల దించిన. కిరాయి అడిగితే పిట్టనిచ్చిండు" అని అద్దానికి వేలాడదీసిన దాన్ని చూపించాడు. దానికీ ముక్కు లేదు. "ఏడికి పోవాలె అంటే డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోవాలె అన్నడు. గట్ల మంచిగనే మాట్లాడిండమ్మా, నాకేం తెలుసు?"

డ్యూటీ అయిపోయింది. ఇందిరమ్మకు పొత్రం గుర్తొచ్చింది. ఆయనకు మతిపోయి వెళ్లిపోలేదు. రిలీవర్ వచ్చాడు, దిగిపొమ్మన్నారు, దిగిపోయాడు. రిలీవర్‌ను తెచ్చి కూర్చోబెట్టిందెవరు? తనే. పొమ్మన్నదెవరు? తనే.

పటాన్‌చెరు బస్టాండు పక్కన చలివేంద్రం కుండ మూత మీద ఒకటి దొరికింది. నీళ్లు పోసే ఆమె, "తాగిండు, నా పేరడిగిండు, దండం పెట్టిండు, ముత్తంగి దిక్కు నడిసిండు" అని చెప్పింది. "కాళ్లు ఎగరేసుకుంట నడుస్తున్నడమ్మా, పాపం, మస్తు కాలుతున్నయి కావచ్చు."

ఆ తర్వాత ఏమీ లేదు. హైవే మీద ఒక్క పిట్ట కూడా కనపడలేదు. కంటైనర్లు, ట్యాంకర్లు, కంపెనీ బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. వాటి గాలికి కాగితం పిట్ట ఎక్కడ నిలుస్తుంది? మనిషే నిలవడం కష్టం. రోడ్డు పక్కన ఏ గుడ్డ మూట కనబడినా ఇందిరమ్మ ఆటో ఆపించేది. ఒకచోట చచ్చిన కుక్కను చూసి కెవ్వుమంది. "దేవుడా, కాళ్లు పోనీ, మతి మొత్తం పోనీ, మనిషిని మాత్రం ఉంచు" అని మొక్కింది. ఎండ నడినెత్తి దాటి పడమటికి దిగుతోంది. చంకలోని చెప్పులు చెమటకు తడిసిపోయాయి.

ముత్తంగి దాటాక లారీల అడ్డా ఉంది. అక్కడ పంక్చర్లు వేసేవాళ్లు, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాళ్లు ఉంటారు. ఆవలి వైపు ఖాళీ జాగాలో నీలం టార్పాలిన్ ఒకటి, చిన్న పొలమంత, ఎండలో పరిచి ఉంది. దాని ఒక మూల మీద, నెత్తిన ఎవరిదో తుండు కప్పుకుని, మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు నర్సింహ.

ఆటో ఆగకముందే దూకింది ఇందిరమ్మ. మధ్యలో డివైడర్, అటూ ఇటూ లారీలు. దాటే సందు లేదు. ఆయన లేచి ఎటైనా పోతాడేమోనని భయం. గొంతు చించుకుని అరిచింది. "ఇగో! శ్రీలత నాయినా!" లారీల హారన్లలో కలిసిపోయింది. ఏ ఆడమనిషి వింటుందో, ఏ మగమనిషి నవ్వుతాడో అని చూసుకోలేదు. పెళ్లయిన నాటి నుంచి పెదవి దాటనివ్వని పేరు నడి హైవే మీద విప్పింది.

"నర్సింహా! ఓ నర్సింహా!"

ఆయన తల తిప్పలేదు. ఆ గొంతులోంచి ఆ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు మరి.

ఫజలుద్దీన్ చెయ్యి అడ్డం పెట్టి లారీలను ఆపి దాటించాడు. టార్పాలిన్ అవతలి కొసన గొడుగు కింద కూర్చుని దబ్బనంతో చిరుగులు కుడుతున్న నడివయసు మనిషి లేచి ఎదురొచ్చింది. ముత్యమ్మట ఆమె పేరు. "మీ మనిషేనా? మధ్యాన్నం సంది గట్లనే కూసున్నడమ్మా. నేను కుడుతుంటే సూసిండు, వచ్చి మూల మీద కూసున్నడు. నీడకు రా పెద్దయ్యా అంటే రాడు. అన్నం పెడితే ముట్టడు. లేస్తే గుడ్డ జరుగుతదంటడు."

ఇందిరమ్మ ఆయన ముందు మోకాళ్ల మీద పడింది. పాదాలు చూసింది. అరికాళ్లు బొబ్బలెక్కి, కొన్ని పగిలి, వాటిలో దుమ్ము. టార్పాలిన్ కూడా పెనంలా కాలుతోంది. "అయ్యో, కాళ్లు సూడు, నీ కాళ్లు సూడు" అని ఏడుస్తూ చెప్పులు ముందు పెట్టింది.

ఆయన ఆమెను మర్యాదగా చూశాడు. "ఎవరివో తీస్కోమ్మా. ఒకరి చెప్పులు ఏసుకుంటే మా ఆమె కోపం చేస్తది."

"నేనే. నేనే మీ ఆమెను. ఇంటికి పోదాం లే."

"డ్యూటీల ఉన్న తల్లీ. రిలీవర్ రాలే."

ఫజలుద్దీన్ ముందుకొచ్చి, "నేనే రిలీవర్ అన్నా. నువ్వు దిగు" అన్నాడు. నర్సింహ అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వు కాదు. నా రిలీవర్ రాయి" అన్నాడు. చుట్టూ చేరిన క్లీనర్లు ఫక్కున నవ్వారు. నవ్వే నోళ్లు ఎక్కడైనా నవ్వుతాయి.

ఇందిరమ్మ ఆయన చెయ్యి పట్టి లేపబోయింది. ఆయన రెండు పిడికిళ్లతో టార్పాలిన్ పట్టుకున్నాడు. ఫజలుద్దీన్ రెండో వైపు పట్టాడు. ఆయన గింజుకున్నాడు. అంత బలం ఆ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. "ఏయ్, ఎవలు మీరు? ఆ ముసలాయన్ని ఏడికి గుంజుకపోతున్రు?" అని ఒక లారీ డ్రైవర్ అడ్డం వచ్చాడు. ఫజలుద్దీన్ ఫోన్లో ఫొటో చూపిస్తున్నాడు. నర్సింహ చిన్నపిల్లాడిలా ఏడ్వడం మొదలుపెట్టాడు.

"ఇందిరా! ఇందిరా, జల్దీ రా! నన్ను గుంజుకపోతున్నరు, ఇందిరా!"

తన చెయ్యి ఆయన చేతి మీదే ఉంది. తన మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. తన నుంచి కాపాడమని తననే పిలుస్తున్నాడు. ఆ క్షణాన ఇందిరమ్మకు అదే రోడ్డు మీదికి నడిచిపోయి ఏ లారీ కిందనైనా పడాలనిపించింది. నిజంగానే అనిపించింది, లేచి నిలబడింది కూడా. అప్పుడు ఆయన కన్నీళ్లు తుడుచుకుని, గింజులాటలో ముడతలు పడ్డ టార్పాలిన్ మూలను అరచేత్తో సాపు చేసి, మళ్లీ దాని మీద సర్దుకుని కూర్చున్నాడు. ఆమె ఏ బొంత పరిచినా అలాగే సాపు చేసేవాడు.

"నలుగురం పట్టి ఎత్తి ఆటోల ఏద్దామా అమ్మా?" అన్నాడు డ్రైవర్, ఈసారి మెత్తగా.

"ఒద్దు" అంది ఇందిరమ్మ. ముత్యమ్మ వైపు చెయ్యి చాచింది. "ఆ దబ్బనం ఇయ్యి బిడ్డా. ఈ అంచు నేను కుడుత."

ముత్యమ్మ దారం ఎక్కించి ఇచ్చింది. ఇందిరమ్మ ఆయనకు బారెడు దూరంలో అంచు పట్టుకుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని దబ్బనం గుచ్చింది. టార్పాలిన్ గట్టిగా ఉంది, సుతిలి దారం వేళ్లను కోస్తోంది. కుట్లు అడ్డదిడ్డంగా పడుతున్నాయి.  కుడుతూ కుడుతూ జరిగింది. ఒంటికి తెలిసిన పని కాబట్టి కాసేపటికి కుట్టు వరుసలో పడింది. ఆయన జేబులోంచి కాగితం తీసి మడవడం మొదలుపెట్టాడు. దబ్బనం ఆయన మోకాలి దాకా వచ్చింది. ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని, ఏడుపొస్తే గొంతు మారుతుందని, గొంతు మారితే అంతా అయిపోతుందని ఆమెకు తెలుసు.

"లే" అంది. "జెర జరుగు."

"ఆఁ" అన్నాడు నర్సింహ. లేచి జరిగాడు.

ఆమె మూల కుట్టింది. చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒకరిద్దరు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. "ఇంకా జెర" అంది. నీడ దాకా జరిగాడు. చెప్పులు ముందుకు తోసి, "ఏసుకో, కాళ్లు గుడ్డకంటితే మాసిపోతది" అంది. కాళ్లు మంటపెడుతున్నా వేసుకున్నాడు. దబ్బనం ముత్యమ్మ చేతిలో పెట్టి ఆమె చేతులు ఒకసారి నొక్కి వదిలింది ఇందిరమ్మ. ఆటోలో ఆయన మధ్యలో కూర్చుంటే పక్కన చోటు చాలలేదు. "జెర జరుగు" అంటే జరిగాడు. ఇంటిదాకా ఆయన బనీను అంచు పిడికిట్లో పట్టుకునే కూర్చుంది.

సర్వర్ బేగం వాకిట్లోనే ఉంది. నర్సింహను చూడగానే "యా అల్లా" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఉప్పునీళ్లతో కాళ్లు కడిగారు, మందు రాశారు, మజ్జిగ తాగించారు. ఫజలుద్దీన్ స్టూలేసుకుని పైగడియ తనే పెట్టి, వెనక పెరట్లోంచి గోడ దూకి తమ ఇంట్లోకి దిగాడు.

బొంత అలాగే పరిచి ఉంది. పొత్రం అలాగే ఉంది. ఇందిరమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి పెరట్లోకి తీసుకుపోయి, ఇక ఎవరికీ రిలీవర్ కాకుండా కుండీల వెనక పడేసింది. వచ్చేసరికి నర్సింహ గుడ్డ చుట్టిన కాళ్లు ముందుకు చాపుకుని నాలుగో మూల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పిట్ట. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆమె వైపు చాచాడు.

"అమ్మా, మా ఆమె వస్తే ఇది ఆమెకియ్యి. ముక్కు నాకు రాదు. ఆమెనే చేస్తది."

ఇందిరమ్మ అందుకుంది. "ఇస్త" అంది.

కొంచెం సేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుని, ముక్కు వంచి కిటికీలో పెట్టింది. జాకెట్టు భుజాన ఇంకా గుచ్చే ఉన్న సూది తీసింది. ఆగినచోటు నుంచి మొదలుపెట్టింది. నీలం మీదుగా కుట్టుకుంటూ వచ్చింది, ఎరుపు మీదుగా వచ్చింది, ఆయన మోకాలి దగ్గరకు వచ్చింది. జరుగు అనే మాట నోటి దాకా వచ్చింది. మింగేసింది. దారం అక్కడే తెంపి, సూదిని మళ్లీ భుజానికి గుచ్చుకుంది.